రిలీవరు రాని పూట

ఒకటిన్నర కొట్టకముందే నాగేశప్ప టీవీ ముందు రెండు కుర్చీలు వేశాడు. ఒకదాంట్లో తాను కూర్చుని రిమోటు నొక్కి, ఎనిమిదో ఎపిసోడు తెర మీదికి వచ్చి పేర్లు పడుతుండగానే నిలిపేశాడు. ఇంక ఆంజప్ప రావడమే తరువాయి. రెండు గంటల షిఫ్టుకు పావుగంట ముందే మనిషి మిషను దగ్గర ఉండాలన్నది ఫ్యాక్టరీ రూలు. ఫ్యాక్టరీ వదిలి ఏడాదిన్నర అయినా నాగేశప్ప ఇంట్లో ఇంకా అదే రూలు.

మనిషి పొట్టి. మెడ ఉందా లేదా అన్నట్టు తల నేరుగా భుజాల మీదే కూర్చుని ఉంటుంది. కుడిచేతి చూపుడువేలు సగమే. మిగతా సగాన్ని ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు తినేసింది. ఆ మొండివేలితోనే రిమోటు నొక్కుతాడు, ఇంకో వేలు వాడితే పరువు పోయినట్టు. చెవులు ముప్పాతిక వంతు పోయాయి. టీవీ మోత వీధి మలుపుదాకా వినిపిస్తుంది. తగ్గించమని ఎవరైనా వస్తే ఆ రోజు వాళ్ల పని అయిపోయినట్టే.

హోసూరులో ఒక బండి విడిభాగాల ఫ్యాక్టరీలో నాలుగో నంబరు ప్రెస్సు మీద ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశారు ఇద్దరూ. ఆ ప్రెస్సు రెండు షిఫ్టులే నడిచేది. ఒకడు దిగితే ఒకడు ఎక్కాలి. ఎక్కేవాణ్ని రిలీవరు అంటారు. రిలీవరు రానిదే మిషను వదలకూడదు. ఆకలైనా అంతే, జ్వరమొచ్చినా అంతే. దిగేవాడు చెయ్యి దొన్నెలా మడిచి ఎక్కేవాడి చెవికి ఆనించి, ఆ మోతలో గొంతు చించుకుని మిషను సంగతంతా అప్పగించాలి. వాళ్ల స్నేహమంతా ఆ పావుగంటే. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్క సినిమా చూసింది లేదు. నాగేశప్ప కూతురు నళిని పెళ్లికి ఆంజప్ప ఒక్కడే రెండు షిఫ్టులూ లాగాడు, పెళ్లి భోజనం తినలేదు. ఆంజప్ప తల్లి పోయిన రోజు నాగేశప్ప పదహారు గంటలు నిలబడ్డాడు, ఆమె ముఖం చూడలేదు. థూ, ఏం బతుకది!

రిటైరయ్యాక నళినే ఈ టీవీ కొని నెట్టు పెట్టించింది. చూసేదాన్ని ఎక్కడంటే అక్కడ నిలుపుకోవచ్చని తెలిసిన రోజు నాగేశప్పకు పిచ్చి పట్టినంత పనైంది. తాను నిలిపితే ఊళ్లో అందరికీ నిలిచిపోతుందేమోనని వారం రోజులు భయపడ్డాడు కూడా. తర్వాత ధైర్యం వచ్చి ఆంజప్పను పిలిచాడు. రోజుకొక ఎపిసోడు, ఒకరు లేకుండా ఒకరు చూడకూడదు. ఇప్పుడు నడుస్తున్నది క్వారీ ఓనరు హత్య కథ. చంపింది మేనేజరని నాగేశప్ప, కాదు డ్రైవరని ఆంజప్ప. ఇవాళే ఆఖరు.

రెండు దాటింది. రెండున్నర అయింది.

"అన్నం తినయ్యా," అని కేకేసింది పెళ్లాం కాళమ్మ వంటింటి గడపలోంచి.

"వాడు రానీ."

"ఆయప్ప వచ్చేదానికీ నువ్వు తినేదానికీ ఏం సంబంధం?"

"రిలీవరు రాకుండా లేస్తారా? నీకు తెల్దు, ఊరుకో."

కాళమ్మ నెత్తి కొట్టుకుంది. టీవీ ముందు నుంచి లేవడానికి కూడా ఆంజప్ప రావాలంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది? రాగిముద్ద చేసిన గిన్నె మీద మూత పెట్టి వెళ్లిపోయింది.

మూడయ్యేసరికి నాగేశప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్న పోతూ పోతూ ఇద్దరూ గొడవపడ్డారు. "నీకు బుర్ర లేదప్పా, డ్రైవరంట డ్రైవరు!" అన్నాడు తాను. ఆంజప్ప అదే మనసులో పెట్టుకున్నట్టున్నాడు. పెట్టుకోనీ! అంత రోషమా? వేలు తెగిన రోజు తన రక్తం కడిగినవాడే, ఒక్క మాటకు ఇంత అలకా?

"ఫోన్ చేయరాదా?" అంది కాళమ్మ గొంతు పెంచి. "మూడు వీధుల అవతల ఇల్లు, పోయి చూసి రారాదా?"

"నేనెందుకు పోవాల? లేటయినోడు వచ్చి చెప్పుకోవాల. ఇరవై ఎనిమిదేండ్లు నేనేమన్నా ఆయప్పను ఎతుక్కుంటా పోయినానా?"

"ఒంట్లో బాగలేదేమో."

"నిన్న ఈడ కూర్చోని నాతో గొంతు చించుకోని అరిసినాడు కదే! బాగలేనోడు అట్లా అరుస్తాడా?"

నాలుగు దాకా ఎదురుచూశాడు. నాలుగింటికి పళ్లు కొరికి, మొండివేలు రిమోటు మీద గట్టిగా గుచ్చాడు. "నీ కర్మ!" అన్నాడు ఖాళీ కుర్చీతో. బతుకులో మొదటిసారి రిలీవరు రాకుండా పని కానిచ్చేశాడు.

డ్రైవరే చంపాడు. నాగేశప్పకు కోపం ఇంకా ఎక్కువైంది.

అయిదుంబావుకు ఫోను మోగింది. ఎత్తింది కాళమ్మే. విని, భర్త దగ్గరికి వచ్చి చెవిలో అరిచి చెప్పింది. ఆయనకు అందలేదు. రెండోసారి అరిచింది.

"ఆంజప్పన్న చచ్చిపోయినాడంట!"

నాగేశప్ప చెప్పులు కూడా తొడుక్కోకుండా నడిచాడు. మూడు వీధులు, ఏడు నిమిషాలు.

ఆంజప్పను హాల్లో చాప మీద పడుకోబెట్టారు. ఇస్త్రీ చొక్కా, గొంతుదాకా బొత్తాలు. కొడుకు అనంతకుమార్ కంపెనీ యూనిఫాంలోనే గోడకు చేరగిలబడి ఉన్నాడు.

"ఒంటిగంటకి నేను ఫోన్ చేస్తే చొక్కా ఏసుకుంటా ఉండానన్నాడు మామా, మీ ఇంటికి పోవాలని. వాకిలి మెట్టు మీదనే కూలబడిపోయినట్టుండాడు. ఇంట్లో ఇంకెవురూ లేరు, వీధిలో అందరూ డ్యూటీలకు పోయుండారు. నాలుగున్నరకు నేనొచ్చి చూసేదాకా ఆడనే..."

నాగేశప్ప లెక్కేసుకోవాల్సిన పని లేకపోయింది. అంతసేపూ తాను కుర్చీలో కూర్చుని ఈ మనిషిని తిడుతూనే ఉన్నాడు. లేచి ఏడు నిమిషాలు నడిచి ఉంటే? ఎవరి మీద అరవాలి? రూలు పెట్టిన ఫ్యాక్టరీ మీదా? దాన్ని ఇంటికి మోసుకొచ్చిన తన మీదా? ఏమీ పట్టనట్టు పడుకున్న వీడి మీదా?

చాప పక్కన మోకాళ్లూని కూర్చున్నాడు. చెయ్యి దొన్నెలా మడిచి ఆంజప్ప చెవికి ఆనించాడు.

"డ్రైవరే! ఇన్నావా? నువ్వు చెప్పిందే నిజం, డ్రైవరే చంపినాడు! మేనేజరు కాదు! నాకే బుర్ర లేదు!"

ఏడుస్తున్న ఆడవాళ్లు ఠక్కున ఆగిపోయారు. ఎవరో భుజం పట్టుకుంటే విదిలించేశాడు.

"నువ్వు రాకుండానే చూసేసినానప్పా! ఒగ మాట అనుకుంటే రాకుండా పోతావా అని తిట్టినాను! తిట్టుకుంటానే చూసినాను! నన్ను తిట్టు, లేసి తిట్టు రా!"

అనంతకుమారే వచ్చి రెండు చేతులూ వేసి లేవదీశాడు. నాగేశప్ప అతన్ని కూడా ఒక్క తోపు తోసి బయటికి వచ్చేశాడు. చేయి ఆనించుకోవడానికి ఏదో ఒకటి కావాలి.

మెట్టు పక్కన ఆంజప్ప సైకిలు వీధివైపు తిప్పి ఉంది. హ్యాండిలుకు పసుపు గుడ్డసంచి తగిలించి ఉంది. అందులో ఉడకబెట్టిన శెనక్కాయలు, పేపరులో చుట్టి, రెండు పొట్లాలు.