కొండ దానంతటది కూలలేదు

కొండచరియ విరిగి నదికి అడ్డంగా పడింది. కడుపు నిండా గుడ్లతో సముద్రం నుంచి ఎగువకు వచ్చిన సాల్మన్ చేపలు ఆ మట్టికట్టకు తలలు బాదుకుంటున్నాయి. కట్ట వెనక నీళ్లు పెరుగుతున్నాయి. పై వాలు మీద కలప కంపెనీ రంపాలు మాత్రం ఆగలేదు.

వాషింగ్టన్ రాష్ట్రంలోని ఆ లోయ జనమంతా స్కూల్ ఆటల హాల్లో చేరారు. చేపలు పట్టేవాళ్లు, చేపల ఫ్యాక్టరీ కూలీలు. ఎదురుగా కంపెనీ మేనేజరు, అతని పక్కన ఇద్దరు ఇంజినీర్లు: పర్సిస్, వినయ్ కుమార్.

"వానలకు కూలింది. మేం చేసిందేం లేదు," అన్నాడు మేనేజరు.

నది మీదే బతికే ఆదివాసీ తెగ పెద్ద లొరెయిన్ లేచింది. "మా తాతల నాడూ కురిసింది వాన. చెట్లున్నప్పుడు ఎందుకు కూలలేదు? ఆ కట్ట ఒక్కసారిగా తెగితే మా ఇళ్లుంటాయా? చేప పైకి పోయి గుడ్లు పెట్టకపోతే రేపు మా పిల్లలు ఏం పట్టుకుంటారు?"

పర్సిస్ తల వంచుకుంది. చెట్లు నరికితే ఆ వాలు జారుతుందని తేల్చింది తనే. మేనేజరు కసిరితే నోరు మూసుకున్నదీ తనే.

"సైలెంట్‌గా ఉండు. జాబ్ పోతే వీసా పోతుంది," వినయ్ తెలుగులో గొణిగాడు.

"వీళ్లు ఎక్కడికి పోతారు వినయ్?"

ఆమె లేచింది. "జారుతుందని నాకు ముందే తెలుసు. చెప్పలేదు. కట్ట తెగకముందే పక్కన కాలువ తవ్వి నీళ్లు మెల్లగా వదలాలి. తవ్వే మెషీన్లు కంపెనీవే. పైన దుంగలు ఎత్తుతున్నాయి."

"మా కొంపలు ముంచి తీసుకున్నావా నీ జీతం?" వెనక నుంచి ఒక కూలీ అరిచాడు.

"అవును," అంది పర్సిస్.

తెల్లారేసరికి లోయంతా దుంగల లారీలకు అడ్డంగా కూర్చుంది. ముందు కాలువ, తర్వాతే కలప అన్నారు. పోలీసులు లొరెయిన్‌ను, పర్సిస్‌ను ఈడ్చుకెళ్లారు. ఖాళీ అయిన చోట ఇంకొందరు కూర్చున్నారు. చివరికి కంపెనీ తలొగ్గింది, మెషీన్లు నది వైపు తిరిగాయి. నీళ్లు మెల్లగా దిగాయి. ఇళ్లు దక్కాయి.

చేపలు చాలావరకు దక్కలేదు. లొరెయిన్‌తో పాటు బెయిల్ మీద వచ్చిన పర్సిస్ ఒడ్డున ఆ కళేబరాల మధ్య కూలబడింది. ఉద్యోగం అప్పటికే పోయింది. ఆ బాధ ఆమెకు గుర్తే లేదు.

"నన్ను క్షమించండి," అంది.

"అది నా చేతిలో లేదు," అంది లొరెయిన్. "రేపు ఆ పక్క కొండ మీద చెట్లు నరుకుతారట. ఎక్కడ జారుతుందో చూపించు."

పర్సిస్ లేచి నడిచింది. ఆమె వెనక లోయ జనం కొండెక్కారు. వాళ్లలో వినయ్ కూడా ఉన్నాడు.