వస్తున్నానండీ

పూరీ పిండి పిసుకుతుంటే ప్రతిమ కుడి భుజం మళ్ళీ పట్టేసింది. ఇంగ్లండు కాలువల్లో పడవ మీద సెలవులు గడిపి దోహా తిరిగొచ్చి నెల దాటినా, ఆ కాలువ ఇంకా ఆమె భుజంలోంచి దిగలేదు.

హాల్లో ఆ ప్రయాణం వీడియో నడుస్తోంది, పడవ కప్పు మీద కెమెరా పెట్టి తీసింది. శుక్రవారం భోజనానికి భర్త భరణి తన ఆఫీసు స్నేహితుడు హమీదుద్దీన్‌నీ, అతని భార్య ఖమర్ సుల్తానానీ పిలిచాడు. టీవీలో సన్నటి పొడుగు పడవ, గట్ల మీద రాలుతున్న పండుటాకులు, చుక్కాని పట్టుకుని దర్జాగా భరణి. కాలువ ఎత్తు మారిన ప్రతిచోటా నీళ్ళని ఆపే పెద్ద చెక్క గేట్లుంటాయి. ఇనుప పిడితో తూము తిప్పి నీళ్ళు వదలాలి. ఆపైన దూలానికి వీపు ఆనించి గేటు తోయాలి. ఆ పని ప్రతిమది. మధ్యలో పడవలోకి దూకి టీ పెట్టడం, అన్నం వండటం కూడా ఆమెదే. చుక్కాని వదిలితే పడవ గట్టుకి కొట్టుకుంటుందని భరణి అక్కణ్ణించి కదల్లేదు.

"క్యా ఆరామ్ హై భాయ్!" అన్నాడు హమీదుద్దీన్.

"ఆరామే! రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటు డ్యూటీ మొత్తం మర్చిపోయాను. మా ఆవిడకి మరీ మంచిదయింది. ఇక్కడ ఫ్లాట్‌లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేది, అక్కడ కాస్త ఒళ్ళు వంచింది."

వంటింట్లో ప్రతిమ అరచేతుల్లో ఆ ఇనుప పిడి కాయలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. పిండి ముద్దని పీటకేసి కొట్టింది.

కాలువ మీద ఒకరోజు ఎదురు పడవలో వచ్చిన తెల్లజుట్టు ముసలామె గుర్తొచ్చింది. ఆమె చుక్కాని దగ్గర నిలబడితే ఆమె మొగుడు గేటు తోస్తున్నాడు. రొప్పుతున్న ప్రతిమని చూసి, "బరువు పని నీకెందుకు ఇచ్చాడమ్మా? చుక్కాని పట్టడానికి బలం అక్కర్లేదే!" అంది. అక్కర్లేదని ప్రతిమకి అప్పటిదాకా తెలీదు. పెళ్ళైన పదమూడేళ్ళలో ఏ చుక్కాని అయినా ముట్టుకుంటేగా తెలియడానికి! భరణికి చెబితే నవ్వాడు. "ముసలిదానికి మతి లేదు. నువ్వు కానివ్వు, చీకటి పడుతోంది."

"ప్రతిమా! తొందరగా!" టీవీలోంచి అతని గొంతు. దూరంగా, ఆయాసంతో, ఒక ఆడగొంతు: "వస్తున్నానండీ!"

"ప్రతిమా, టీ!" మళ్ళీ టీవీలోంచే.

"వస్తున్నా!"

ఎవరిదా గొంతు? తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా ఉంది. ఆ టేపంతా వెతికినా ఆ ఆడమనిషికి ఇంకో మాట లేదు. ముందు ఆ గొంతు మీదే ప్రతిమకి ఒళ్ళు మండింది. పిలుపు పూర్తికాకముందే పరుగెత్తడం ఈ ఒంటికి ఎవరు నేర్పారు? "రెండోసారి పిలిపించుకునే కోడలు మా ఇంట్లో లేదు" అని చుట్టాలందరికీ చెప్పుకునే అత్తగారా? ఆ మాటకి మురిసిపోయిన తనా? ఆ మంట మెల్లగా హాలు వైపు తిరిగింది.

ఖమర్ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "అక్కా, వచ్చే అక్టోబర్ల రెండు ఫ్యామిలీలు కలిసి పోదమంటున్నరు. ఇయ్యాలే పడవ బుకింగ్ ఫారం నింపుతరంట. మీరొస్తున్నరు కదా?"

ప్రతిమ నోరు తెరిచేలోపే హాల్లోంచి జవాబొచ్చింది. "రాకుండా ఎలా? ఆవిడ లేకపోతే గేట్లెవరు తీస్తారు, ఇంతమందికి ఎవరు వండుతారు?" మగవాళ్ళిద్దరూ నవ్వారు. "ప్రతిమా, పూరీలు!"

"వస్తున్నా" అన్న ఆ మాట దానంతటదే నాలుక మీదికి వచ్చింది. పళ్ళ మధ్య నొక్కిపట్టింది. స్టవ్ ఆర్పి, చేతులు తుడుచుకుని, ఖాళీ చేతులతో హాల్లోకి వెళ్ళింది. భరణి ఫారంలో ఆమె పేరు రాస్తున్నాడు.

"నా పేరు కొట్టెయ్యండి. నేను రావడం లేదు."

"ఏమిటీ వేళాకోళం, వాళ్ళ ముందు?"

టీవీలో ఆ ఆడమనిషి గేటు దగ్గర్నించి పరుగెత్తుకొస్తూ నోరు తెరిచింది.

"వస్తు..."

ప్రతిమ వీసీఆర్ ఆపేసింది.