కత్తిముక్కు పిట్ట వెనకాల నీడ

పక్కింటి లియోనిదాస్ ఆ గ్వాంటో చెట్టును నరికిన రోజునుంచి, అతని ఇంటి పొగగొట్టం వైపు చూసి ఉమ్మకుండా ఎదెల్మీరా పొద్దుటి కాఫీ తాగింది లేదు. పగంటే అలాంటిలాంటి పగ కాదు. పాము కూడా ఆమె దగ్గరకొచ్చి నేర్చుకోవాలి.

గ్వాంటో అంటే తలకిందులుగా వేలాడే ఉమ్మెత్త లాంటిది. ఆ పొడుగాటి పూల లోపలి తేనె మా పిచించా కొండవాలులో ఒక్క కత్తిముక్కు పిట్టకే అందుతుంది. హమ్మింగ్‌బర్డ్‌లలో ఒంటికన్నా ముక్కు పొడుగున్నది అదొక్కటే. ఎదెల్మీరా మొగుడు అబ్దోన్ ఆ చెట్టును హద్దు పక్కన నాటి, బతికినన్నాళ్ళూ దాని ముందు కెమెరా పట్టుకుని కూర్చున్నాడు. పిట్ట గాల్లో నిలబడి తేనె తాగుతుండగా ఒక్క ఫోటో, అదీ ఫ్లాష్ లేకుండా, వట్టి ఎండలో. మబ్బు తొలగితే పిట్ట రాదు, పిట్ట వస్తే మబ్బు తొలగదు. ఆ ఫోటో తీయకుండానే పోయాడు పాపం. ఇక అది తన పని అనుకుంది ఎదెల్మీరా.

అబ్దోన్ సమాధి మీద పూలు వాడకముందే లియోనిదాస్ ఆ చెట్టును మొదలంటా నరికేశాడు. పరాయివాడా? ఆమె కూతురి జ్ఞానస్నానంలో బిడ్డను ఎత్తుకుని నిలబడినవాడు. కొంపాద్రె, కొమాద్రె అని పిలుచుకునే బంధం. అడిగితే, "మా ఆవులకు పడదు కొమాద్రె, విషం కదండీ," అన్నాడు నెమ్మదిగా. మరుసటి ఏడు అతని ఇంటి వెనక అదే గ్వాంటో కొమ్మ వేరూని పూసింది. పిట్ట అటు వెళ్ళింది, దాని వెనకే ఫోటోలవాళ్ళ కెమెరాలూ వెళ్ళాయి. ఆవులకు మాత్రం ఏమీ కాలేదు.

కడుపు మండిపోయిన ఎదెల్మీరా డిసెంబరులో ఒక పొద్దున, కొండ గండిలోంచి ఎండ వచ్చి అతని పూల మీద ఎక్కడ పడుతోందో చూసుకుని, దానికి అడ్డంగా తన హద్దులో అలిసో మొక్క నాటింది. అలిసో చకచకా ఎదుగుతుంది. వెలుగే లేకపోతే ఇక ఫోటో ఎక్కడిది? పేడ వేసి, నీళ్ళు మోసి, దాన్ని కన్నబిడ్డలా పెంచింది. కీటో పట్నంలో ఉన్న కన్నబిడ్డను మాత్రం అంత శ్రద్ధగా పలకరించింది లేదు.

కోపానికి కళ్ళుండవంటారు. మా కొండల్లో సూర్యుడు డిసెంబరులో దక్షిణానికి వాలి లేస్తాడు, జూన్‌కల్లా ఉత్తరానికి జరుగుతాడు. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే. కానీ ఆ రోజు ఆమె చేతిలో గునపం ఉంది, కళ్ళలో నీళ్ళున్నాయి. ఫోటోలవాళ్ళు వచ్చేదేమో వానలు తగ్గే జూన్‌లో. అలిసో మానైంది. జూన్ వచ్చింది. దాని నీడ పూల మీద పడలేదు, పూల వెనకున్న వాలు మీద పడింది.

ముందు పువ్వు మీద ఎండ, వెనక చిక్కటి చీకటి. ఇంకేం కావాలి? పిట్ట గొంతు ఆకుపచ్చగా వెలిగింది, రెక్కల ఈకలు విడివిడిగా కనబడ్డాయి. లియోనిదాస్ తీసిన ఫోటోకు రాజధానిలో బహుమతి వచ్చింది. అంతటితో ఊరుకున్నాడా? చర్చి మెట్ల మీద పదిమందిలో టోపీ తీసి, "అంతా మీ చెట్టు చలవే కొమాద్రె. అబ్దోన్ ఉంటే ఎంత సంతోషించేవాడో," అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ సాయంత్రమే ఆమె గొడ్డలి తీసింది. తీసి, మళ్ళీ గోడకు ఆనించింది. ఓర్చినమ్మకు తేటనీరు. ముందు ఆ నీడకు అతన్ని బాగా అలవాటు పడనిద్దాం అనుకుంది.

పడ్డాడు. పై ఏడు జూన్‌లో దూరదేశాల ఫోటోగ్రాఫర్లను పిలిపించుకున్నాడు. నల్లటి తెరలాంటి నీడ ముందు, సూర్యుడి వెలుగులో కత్తిముక్కు పిట్టను చూపిస్తానని ఊరంతా చాటుకున్నాడు. వాళ్ళు దిగిన రోజు కాలం కాని కాలంలో వాన కొట్టింది. ఆ హోరులో ఎదెల్మీరా అలిసో మొదలును రంపంతో సగానికి పైగా కోసి ఉంచింది.

తెల్లారి వాన వెలిసింది. గండిలోంచి ఎండ దిగింది. అవతల కెమెరాలన్నీ పువ్వు మీదే ఉన్నాయి. పిట్ట వచ్చి గాల్లో నిలబడి, ముక్కు పైకెత్తి పువ్వులో పెట్టబోయింది. అప్పుడు వేసింది ఆమె ఆఖరి దెబ్బ. అలిసో పెళపెళా విరిగి ఆమె పెరట్లోకే కూలింది. వెనక చీకటి చెదిరి, తడిసిన వాలంతా కళ్ళు జిగేలుమనేలా వెలిగిపోయింది. పిట్ట అడవిలోకి తుర్రుమంది.

లియోనిదాస్ హద్దు దాకా పరుగెత్తుకొచ్చాడు. "ఎందుకు కొట్టారు కొమాద్రె? ఇవాళే ఎందుకు?"

"మీ ఆవులకు పడదేమోనని, కొంపాద్రె," అంది ఎదెల్మీరా నెమ్మదిగా.

అతను అతిథుల దగ్గరికి వెనక్కి తిరిగాడు. ఆమెకు నోట్లో బెల్లం ముక్క వేసుకున్నంత హాయిగా ఉంది.

గొడ్డలి భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళబోతూ, ఎండ పడిన హద్దు వైపు చూసింది. అక్కడి ముళ్ళపొదల్లోకి, గ్వాంటోను నరికిన రోజునుంచీ, గుండె మండుతుందని ఆమె తొంగి చూసింది లేదు. పొదల నడుమ పాలిపోయిన సన్నటి కొమ్మలు మనిషెత్తున నిలబడి ఉన్నాయి. అబ్దోన్ గ్వాంటో. మోడు ఎప్పుడో చిగిర్చింది. ఒక్క మొగ్గ లేదు. లియోనిదాస్ పూలకు చీకటి చేద్దామని ఆమె పెంచిన నీడ, ఇన్నేళ్ళూ ప్రతి పొద్దునా ముందు దీని మీదే పడింది.

ఎదెల్మీరా ఆ తడి నేల మీదే కూలబడింది. అవతల లియోనిదాస్ అతిథులకు ఏదో సర్దిచెబుతున్నాడు. ఆ గొంతు అలా తడబడితే వినాలని ఏళ్ళ తరబడి కాచుకుంది. ఇప్పుడు ఒక్క మాటా చెవికెక్కలేదు.