కొండబండిలో ఊపిరి

నర్సీపట్నం చుట్టుపక్కల రాజు మేస్త్రి చెయ్యి పడని బండి ఉందంటే, అది నిన్నో మొన్నో షోరూములోంచి దిగిందన్నమాట. అసలు పేరు క్రీస్తురాజు. ఆ పేరు చర్చివాళ్లకీ ఆధార్ కార్డుకీ తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. చింతపల్లి రోడ్డులో రేకుల షెడ్డు, దాని వెనకే రెండు గదుల ఇల్లు. పొద్దున్నే టీ తాగి, బల్ల మీద పాత పేపరు పరిచి, విప్పిన కార్బురేటర్ ముక్కలన్నీ దాని మీద వరసగా పేర్చేవాడు. పెట్రోలు పోసి కడిగేవాడు. జెట్లని, అంటే పెట్రోలు సన్నగా చిమ్మే ఆ బుల్లి ఇత్తడి గొట్టాలని, ఒక్కోటే పెదాల మధ్య పెట్టుకుని గట్టిగా ఊదేవాడు. మళ్లీ బిగించేవాడు. బండి ఒక్క కిక్కుకి లేచేది.

ఎవరు ఊదితే బండి వాళ్ల ఊపిరితోనే నడుస్తుంది, అది ఇక్కడ చంటిపిల్లల్ని అడిగినా చెప్తారు. బీడీలు కాల్చే మెకానిక్ ఊదిన మోపెడ్డు పొద్దున్నే దగ్గుతుంది. రాజు మేస్త్రి చర్చిలో పాటగాడు, కడుపులోంచి వచ్చే గొంతు, కాబట్టి ఆయన ఊదిన బళ్లు ఎంత బరువేసినా నిబ్బరంగా పోయేవి. అవి ఎక్కడ తిరుగుతున్నాయో, ఏ వాసన పీలుస్తున్నాయో ఆయనకి కూర్చున్న చోటే తెలిసేది. "రావికమతంలో బెల్లం వండుతున్నారు" అనేవాడు. ఏటా ఎండలు ముదిరే ముందు ఒకరోజు స్పానరు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఆగిపోయి, ముక్కు ఎగబీల్చి, తనలో తను నవ్వుకునేవాడు. "పైన కొండల్లో కాఫీ పూసిందే" అని పెళ్లాంతో చెప్పేవాడు. "ఇక్కడ కూర మాడిపోయింది, అది తెలీదు గానీ" అనేది సువర్ణమ్మ.

ఆ ముచ్చట్లన్నీ పోయిన వానాకాలంతో సరి. ఇప్పుడాయన షెడ్డు వెనక మంచం మీద, మడతేసిన టార్పాలినుకి చేరగిలబడి కూర్చునే ఉంటాడు. పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది, అందుకని నిద్ర కూడా కూర్చునే. పక్కన ఆక్సిజన్ మిషను గుర్రుగుర్రుమంటూ ఉంటుంది, దాని గొట్టం ముక్కులో. ఊపిరితిత్తుల్లో పస అయిపోయిందని డాక్టరుగారు చెప్పేశారు.

షెడ్డులో పనంతా ఇప్పుడు కూతురు ఎస్తర్ రాణి చేస్తోంది. లంగా వోణీ రోజుల నుంచీ నాన్న పక్కన కూర్చుని నేర్చుకుంది, అన్నీ వచ్చు. ఒక్క ఊదడం తప్ప. అది మాత్రం ఆయన చెయ్యనివ్వలేదు. "నువ్వు ఊదకు రాణీ. నీ ఊపిరి దాసుకో" అని పట్టుబట్టి కంప్రెసర్ కొనిచ్చాడు. కంప్రెసర్ గాలి ఎవరిదీ కాదు. నలుసుని తోస్తుంది, అంతే, లోపల ఎవరి ఊపిరి ఉందో అదే ఉంటుంది.

అయితే ఈ మధ్య ఎస్తర్‌కి బుర్ర వేడెక్కిపోతోంది. నాన్న చేతి మీద నడిచిన పాత బళ్లన్నీ ఒకే రోగంతో వస్తున్నాయి. కృష్ణదేవిపేట నుంచి షేర్ ఆటో తిప్పే సింహాద్రిది అదే గోల. చదును రోడ్డులో, అదే సదరంలో, బాగానే పోతుంది, వంతెన ఎక్కేసరికి ఎగశ్వాస. ప్లగ్గు మార్చింది, ఫిల్టరు మార్చింది, కార్బురేటర్ రెండుసార్లు దింపి కడిగింది. అయినా ఆటో ఇదిగో, షెడ్డులోనే పడి ఉంది. సింహాద్రి దాని ముందు సీట్లోనే కూర్చుని, అత్తారింటికి వచ్చిన అల్లుడిలా టీలు తాగుతున్నాడు.

ఆ మధ్యాహ్నం జోగులు కొండబండిని వ్యానులో వేసుకుని దిగాడు. కొండబండి అంటే నాలుగు లావు చక్రాల ఏటీవీ. లంబసింగిలో టూరిస్టుల్ని తిప్పి తిప్పి అమ్మేస్తుంటే, కొయ్యూరు పైన జోగులు ఊరివాళ్లంతా కలిసి కొనుక్కున్నారు. మిరియాలు దిగినా, జబ్బు మనిషి దిగినా దాని మీదే. కొన్నప్పుడు రాజు మేస్త్రే విప్పి, ఛాతీ నిండా గాలి పట్టి ఊదిచ్చాడు. ఆయన ఊదినవాటిల్లోకెల్లా పెద్ద ఇంజను అదే. ఆ రోజు ఊదాక అరగంట కుర్చీలోంచి లేవలేదు.

"మల్లీ అదే గొడవమ్మా," అన్నాడు జోగులు, వ్యానుని పంపేసి. "సదరంలో బాగుంతాది. కొండ మొదలైందంటే నాలుగడుగులేసి ఆగిపోతాది. కాసేపు నిలబెడితే కదుల్తాది. మల్లీ నాలుగడుగులు, మల్లీ ఆగుతాది. మొన్న ముసిల్దాన్ని ఆస్పత్రికి దింపి, మల్లీ పైకి తేడానికి తోసుకెల్లీసినాం."

"పెట్రోలు ఎక్కడ పోయిస్తన్నావు?"

"సీసాల్లో అమ్ముతారు కదా, అదే."

"ఇంకేం మరి," అని గొణుక్కుంటూ ఎస్తర్ కార్బురేటర్ దింపింది. అడుగు గిన్నె విప్పితే ఎర్రటి బురద. ఫ్లోటు కింద సూది అరిగిపోయింది, కొత్తది తీసింది. ఒక జెట్టు తలకున్న స్క్రూడ్రైవర్ గాడి, ఎవరో తెలిసీ తెలియక తిప్పినట్టు చితికిపోయి ఉంది. జోగులు వైపు చూసింది. జోగులు రేకుల వైపు చూశాడు.

అప్పుడే ఈదురుగాలి లేచింది. చూస్తుండగానే మిట్టమధ్యాహ్నం మసక సందేళ అయిపోయింది. పైన రేకులు దడదడలాడాయి, ఎక్కడో ఫెళ్లున ఏదో విరిగింది, కరెంటు పోయింది. గుర్రుగుర్రుమనే మిషను ఆగిపోయింది.

సువర్ణమ్మ పరుగెత్తుకొచ్చి చిన్న సిలిండరు తగిలించింది. దాని ముల్లు చూస్తే ఎర్రగీతకి గోరంత దూరంలో ఉంది. పోయినసారి కరెంటు పోయినప్పుడు వాడిందే, నింపించాలి నింపించాలి అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి. 108కి ఫోను చేసింది. సింహాద్రి గుమ్మంలోంచి తొంగిచూసి వచ్చి, "చెట్టు పడిపోనాది పిన్నీ. రోడ్డుకడ్డంగా. కరెంటు తీగలు కూడా దాని మీదే ఉన్నాయి. అటు నుంచి ఏ బండీ రాదు" అన్నాడు.

ఆస్పత్రి అటువైపే. ఇటు నుంచి వెళ్లాలంటే షెడ్డు వెనక జీడితోట ఉంది, తోటలోంచి గట్టెక్కి అవతల రోడ్డులోకి దిగొచ్చు. ఆ గట్టు మనిషే వంగి ఎక్కాలి, ఆటో ఎక్కడిది.

"నా బండి ఎక్కుతాది," అన్నాడు జోగులు. అని, బల్ల మీద పేపరు మీద ముక్కలుగా పడి ఉన్న కార్బురేటర్ని చూసి నోరు మూసుకున్నాడు.

ఎస్తర్ బల్ల దగ్గరికి వెళ్లి సింహాద్రి చేతికి సెల్ లైటు ఇచ్చి పైన పట్టుకోమంది. చితికిన గాడిలో స్క్రూడ్రైవర్ ఆనించి సుత్తితో చిన్నగా తట్టింది. మళ్లీ తట్టింది. వెనక మంచం మీద నాన్న గాలి లాగుతున్న చప్పుడు ఆ వానలో కూడా వినబడుతోంది. గీ... అని లాగి, ఆగి, మళ్లీ గీ... అని. స్క్రూడ్రైవర్ జారి వేలు చీరుకుపోయింది. తిట్టుకుని, వేలు చీకి, మళ్లీ ఆనించింది. ఈసారి జెట్టు కదిలింది.

లైటుకి అడ్డంగా పట్టి చూస్తే చుక్క వెలుతురు రాలేదు. పూర్తిగా మూసుకుపోయింది. అలవాటుగా చెయ్యి కంప్రెసర్ గొట్టం మీదికి పోయింది. నొక్కింది. కరెంటు లేదు కదా, తుస్సుమంది.

జెట్టు తీసి పెదాల మధ్య పెట్టుకుంది.

"వొద్దు," అన్నాడు క్రీస్తురాజు మంచం మీంచి. ఆయనకి కూతురి వీపే కనబడుతోంది, ఎలా తెలిసిందో.

ఊదింది. నాలిక మీద పాత పెట్రోలు మంట. మళ్లీ ఊదింది. ఏదో నలుసు ఎగిరిపోయి, గాలి సన్నగా బయటికి పోయింది. అదే క్షణాన వెనక గీ... అనే చప్పుడు ఆగింది. సువర్ణమ్మ మొగుడి భుజాలు పట్టుకుంది. ఆయన పోలేదు. నోరు తెరిచి, మెడ నిటారుగా పెట్టి, ఒక్క నిండు శ్వాస లోపలికి తీసుకున్నాడు. అలాంటిది ఆయన తీసుకుని ఎన్నాళ్లయిందో. తర్వాత మళ్లీ గీ... మొదలైంది.

ఎస్తర్ జెట్టు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాలుగడుగులేసి ఆగిపోతాది. కాసేపు నిలబెడితే కదుల్తాది. పెరటి మెట్లు నాన్న ఎక్కేది అచ్చం అలాగే. ఇన్ని నెలలు ప్లగ్గులు మారుస్తూ కూర్చుంది, ఎంత మొద్దునో అనుకుంది. పాడైంది బళ్లు కాదు. ఈయన ఊపిరంతా ఊరి మీద పంచిపెట్టి ఇక్కడ ఖాళీగా కూర్చున్నాడు, ఈయనతో పాటే అవీ ఆగిపోతున్నాయి. ఇంకో మనిషి ఊదితే పాత ఊపిరి ఇంటికొస్తుందని ఎవరికి తెలుసు, ఆయన ఊదిన బండిలో ఇన్నాళ్లూ ఇంకెవర్ని ఊదనిచ్చాడు గనక.

"రాణీ," అన్నాడాయన. ఆయనకీ తెలిసిపోయింది. "ఇచ్చింది... ఎనక్కి తీసుకోకూడదు. నీది... పోతాది."

"కొంచెం పోతే పోనీ నాన్నా. నాకు బోల్డుంది."

రెండో జెట్టు ఊదింది. వెనక ఇంకో నిండు శ్వాస. ఇక మిగిలింది లోపలి దారి, కార్బురేటర్ ఒంట్లోనే తొలిచిన సన్నటి సొరంగం. దానికి మూతి ఆనించి ఊదితే గోడకి ఊదినట్టుంది. బుగ్గలు నొప్పెట్టాయి, కళ్ల ముందు మిణుగురులు. కదల్లేదు.

"ముల్లు ఎర్రగీత మీదికి వచ్చేసిందే," అంది సువర్ణమ్మ. ఆవిడ గొంతులో ఏడుపు లేదు, ఏడవడానికి టైము లేదు.

స్టీలు తీగ పెట్టి పొడిస్తే తెరుచుకుంటుంది, కానీ బొక్క పెద్దదై ఇంజను జన్మలో సరిగ్గా నడవదు. అది నాన్న మొదటి పాఠం. పాత వైరు ఒలిచి ఒక్క రాగిపోగు లాగింది. పెట్రోల్లో ముంచి లోపలికి పోనిచ్చింది. మెల్లగా తిప్పింది, పిల్లదాని చెవిలో గుబిలి తీసినట్టు. తీసి, మూతి ఆనించి, కడుపులోంచి గాలి తెచ్చి ఊదింది. ఒక్క చుక్క నల్లటి జిగురు బయటికి చిమ్మి సింహాద్రి చొక్కా మీద పడింది.

మంచం కిర్రుమంది. క్రీస్తురాజు రెండు చేతులూ మంచంపట్టె మీద ఆనించి, ఛాతీ పొంగి, పొంగి, గాలి తీసుకుంటూనే ఉన్నాడు. తీసుకుని వదిలాడు. మళ్లీ తీసుకున్నాడు. సిలిండరు ముల్లు సున్నా మీద ఉంది, ఎవరూ దాన్ని చూడలేదు.

ఎస్తర్ బల్ల పట్టుకుని నిలదొక్కుకుని, బిగించడం మొదలుపెట్టింది. జెట్లు, సూది, ఫ్లోటు, గిన్నె, యాక్సిలరేటర్ తీగ. పెట్రోలు వదిలి చోక్ లాగింది. బ్యాటరీ నీరసపడి ఉంది, జోగులు స్టార్టరు తాడు పట్టుకుని గుంజాడు. ఒక్కసారి దగ్గి ఆగింది. రెండోసారి అదీ లేదు.

"గిన్నె నిండనియ్," అంది ఎస్తర్.

మూడోసారి అందుకుంది. కొత్త గొంతు. నాన్న లావుపాటి గొంతు కాదు, కాస్త సన్నంగా, పొగరుగా.

వానలోనే ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టి, టార్పాలిను కప్పి, వెనక ఎస్తర్ పట్టుకుంది. జోగులు జీడితోటలోకి తిప్పాడు. గట్టు మొదట్లో ముగ్గురూ బిగదీసుకుని కూర్చున్నారు. బండి నాలుగడుగులు ఎక్కింది. ఐదోది ఎక్కింది. ఆగకుండా ఎక్కుతూనే ఉంది. ఎస్తర్‌కి మాత్రం పరుగెత్తినట్టు ఆయాసం వచ్చింది. ఆస్పత్రిలో నర్సమ్మ ఇద్దరి వేళ్లకీ ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూసి, "పేషెంటు ఎవరండీ?" అని అడిగింది.

ఇంటికొచ్చాక సువర్ణమ్మ చేసిన మొదటి పని, సింహాద్రి ముందు నిలబడడం. "నీ ఆటోలో కూడా మా ఆయన ఊపిరి ఉంది. విప్పుతాది మా పిల్ల. ఊదేది నువ్వు. ఎవడి బండికి వాడే ఊదుకోవాల."

"నాది కాస్త మందు వాసన వస్తాది పిన్నీ."

"నీ ఆటోయే కదా, రానీ."

ఆ మాట సంతలో పడి నాలుగూళ్లు తిరిగింది. మర్నాటి నుంచీ షెడ్డు ముందు వరస. మోపెడ్లు, ఆటోలు, పొలం స్ప్రేయర్లు, ఎప్పుడో మూలన పడేసిన స్కూటర్లు కూడా దులిపి తెచ్చారు. ఎస్తర్ విప్పి ఇస్తుంది, ఎవరిది వాళ్లు ఊదుకుంటారు. క్రీస్తురాజు సిగ్గుపడి మొదట్లో మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "మీరు అడగలేదు మేస్త్రిగారూ, మేవే తెచ్చుకున్నాం" అన్నారు జనం. ఆ ఆదివారం రాత్రి ఆయన టార్పాలిను పక్కకి తోసి, మంచం మీద వెల్లకిలా, కాళ్లు బార్లా చాపుకుని పడుకున్నాడు. గురక పెట్టాడు కూడా. సువర్ణమ్మ ఆ గురక వింటూ గుమ్మంలో కూర్చుని, అప్పుడు ఏడ్చింది.

జోగులు కూడా సంతకి దిగినప్పుడు వచ్చాడు. "విప్పమ్మా. నా ఊపిరి నాను ఊదుకుంతాను. నువ్వెందుకు ఆయాసపడతావు."

"వచ్చే వారం చూద్దాంలే. ఎక్కుతోంది కదా," అంది ఎస్తర్.

మర్నాడు పొద్దున్న బల్ల దగ్గర ఏదో స్ప్రేయర్ విప్పుతోంది. చెయ్యి ఆగింది. ఛాతీ పట్టేసింది, అంటే జోగులు ఎక్కడో కొండెక్కుతున్నాడు. కాసేపు ఓపిక పట్టింది. పట్టు వదిలింది. అప్పుడు, ఆ పెట్రోలు కంపులో, మల్లెపూవుకి దగ్గరగా, అయితే మల్లె కాదు, తడి మట్టి మీదుగా తెరలు తెరలుగా వచ్చే ఒక వాసన ఆమె గుండెల్లోకి దిగింది. ఆమె ఎన్నడూ కొయ్యూరు దాటి పైకి వెళ్లలేదు. స్పానరు పట్టుకున్నది పట్టుకున్నట్టే కళ్లు మూసుకుంది.

మంచం మీద పడుకున్న క్రీస్తురాజు తల తిప్పి కూతుర్ని చూశాడు. ఒకసారి తనూ గట్టిగా గాలి పీల్చి చూసుకున్నాడు. పెట్రోలు, గ్రీజు, పక్కింటి ఉప్మా తప్ప ఇంకేం తగల్లేదు.

"పూసిందా?" అన్నాడు.

"పూసింది నాన్నా."