అమ్మ పక్కన చోటు

నా ఉద్యోగం ఇతరుల మాటలు చెప్పడం. చెవులు వినబడనివాళ్ల సైగల్ని నోటితో చెబుతాను, వినబడేవాళ్ల మాటల్ని చేతులతో చెబుతాను. కోర్టు, ఆసుపత్రి, బ్యాంకు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళతాను. ఈ పనికి రెండు నియమాలున్నాయి. గదిలో ఎవరు ఏమన్నా ఒక్క ముక్క వదలకుండా చెప్పాలి. చెప్పేటప్పుడు 'అతను ఇలా అంటున్నాడు' అనకూడదు, అతని బదులు 'నేను' అనే అనాలి. ఆ లెక్కన ఇరవై రెండేళ్లలో నేను సైకిళ్లు దొంగిలించాను, విడాకులు అడిగాను, కిడ్నీలో రాళ్లతో మెలికలు తిరిగాను. ఒకసారైతే పొద్దున ఆడపిల్ల పుట్టిందని ఎగిరి గంతేసి, మధ్యాహ్నానికల్లా ముద్దాయినయ్యాను.

అమ్మ పోయిన రోజు కూడా పని చేశాను. ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ బయటికి వచ్చి, "సారీ అండీ, మీ అమ్మగారు పోయారు" అంది. పక్కనే అన్నయ్య నా చేతుల వైపు చూస్తూ నిలబడ్డాడు. అతనికి పుట్టుకతోనే చెవులు వినబడవు. ఆ మాటని ఉన్నదున్నట్టు సైగ చేశాను: మీ అమ్మగారు పోయారు. మన అమ్మ అనలేదు. చేతులు అలవాటు కొద్దీ అలా పోయాయి. అన్నయ్య గోడకి ఆనుకుని కిందికి జారిపోయాడు. నేను డాక్టరమ్మ వైపు తిరిగి, తరువాతి మాట ఏమంటుందా అని చూస్తూ నిలబడ్డాను.

అప్పట్నుంచి నాకు ఏమీ అనిపించడం లేదు. బాధ ఉందని కూడా చెప్పలేను. కాఫీ వేడిగా ఉందన్న సంగతి నాలుక కాలాక తెలుస్తుంది. బస్సు నా స్టాపు దాటిపోతే తరువాతి స్టాపులో దిగి వెనక్కి నడుస్తాను, విసుగు రాదు. నాకు విసుగు రాకపోతే ఇంట్లో అందరికీ భయం. మా ఆయన అయితే, "ఒక్కసారి నన్ను తిట్టవే, చూద్దాం" అని బతిమాలాడు. తిట్టాను. మనసు పెట్టి తిట్టలేదని పెదవి విరిచాడు.

ఇక అసలు సంగతి. మా ప్రార్థన మందిరం వెనక తోట ఉంది. తోట అని పేరే గానీ, సంఘం సభ్యులు చనిపోతే పాతిపెట్టేది అక్కడే. అమ్మని ప్రహరీ వారన పెట్టారు. ఆవిడ పక్కన ఒక్క మనిషికి సరిపోయే చోటు మిగిలింది. అది అన్నయ్యకి కావాలి. అతనికి యాభై నాలుగేళ్లు, పోయినేడాది గుండెకి స్టెంటు వేశారు. పెళ్లి చేసుకోలేదు. కిటికీ అద్దాలు కోసే దుకాణంలో ముప్ఫై ఏళ్లుగా పని. అద్దం తెగే క్షణం అతనికి వేళ్లలో తెలుస్తుంది. ఇది కావాలి, అది కావాలి అని ఎవరినీ అడిగిన మనిషి కాదు. ఆ చోటు మాత్రం అడిగాడు.

చిక్కల్లా ఒకటే, అన్నయ్య సభ్యుడు కాడు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆవిడ వెంట వస్తాడు కదా అని ఊరుకున్నారు. ఇప్పుడు తనంతట తను పెద్దల ముందు కూర్చుని ప్రమాణం చేయాలి, మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. అమ్మ పోయిన మూడు నెలల లోపల అది జరగకపోతే ఆ చోటు అతనికి ఇవ్వరు.

నేను సభ్యురాలినే. పదిహేనేళ్లప్పుడు అమ్మ బట్టీ పట్టిస్తే మూడు జవాబులూ గడగడా అప్పజెప్పి వచ్చాను. ఒక్క అక్షరం నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. అప్పట్లో అన్నయ్యని ఎవరూ అడగలేదు, వాడికేం తెలుస్తుందిలే అనుకున్నారు. అతను మాత్రం వారం వారం అందరికంటే ముందు వచ్చి, రెండో వరుస చివర కూర్చుని, ముందున్న బల్ల మీద అరచేతులు ఆనించేవాడు. అందరూ గొంతెత్తి పాడితే ఆ చెక్క సన్నగా అదురుతుంది. అదే అతనికి పాట.

ఈ మధ్య సంఘం ప్రధాన కార్యాలయం వాళ్లు వినబడనివాళ్ల కోసం సైగల పుస్తకం ఒకటి వేశారు. అందులో దేవుడంటే చూపుడువేలు పైకెత్తి, నెమ్మదిగా గుండె మీదికి దించాలి. ఆ బొమ్మ అన్నయ్యకి చూపించాను. అతను తల ఎత్తి చూసి, "పైన ఫ్యానుంది" అన్నాడు. అన్నయ్య అన్నాడంటే చేతులతో అన్నాడనే అనుకోండి.

దేవుడికి అన్నయ్య సైగ వేరు. కుడిచేత్తో తన ఎడమ భుజాన్ని రెండుసార్లు తట్టుకుంటాడు. మా చిన్నప్పుడు సాయంత్రాలు కరెంటు పోయేది. అమ్మ వంటింట్లోంచి "ఇక్కడే ఉన్నానే" అని కేకేస్తే నా ఆటలో నేను ఉండేదాన్ని. అన్నయ్యకి అలా కుదరదు. వెలుతురు పోతే అతనికి లోకంలో ఇంకేమీ మిగలదు. గుక్కపట్టి ఏడ్చేవాడు. అమ్మ గోడలు తడుముకుంటూ వచ్చి అతని భుజం మీద రెండుసార్లు తట్టేది, ఉన్నానని. ఏడుపు ఆగిపోయేది. పెద్దయ్యాక నేను, "అయితే నీ దేవుడు అమ్మేనన్నమాట" అని ఎగతాళి చేశాను. అతను చాలా ఓపిగ్గా, "అమ్మ కాదు. చీకట్లో నా భుజం ఎక్కడుందో తెలిసినవాడు" అన్నాడు.

ప్రమాణానికి ముందురోజు అతని గదికి వెళ్లాను. అమ్మ మంచం మీద దుప్పటి మడత చెదరకుండా ఉంది.

"పెద్దలకి సైగలు రావు. నువ్వు చేతులు ఎటు కావాలంటే అటు ఊపు. జవాబులు నేను చెబుతాను" అన్నాను.

"అప్పుడది నీ ప్రమాణం అవుతుంది. నీది ఎప్పుడో అయిపోయిందిగా" అన్నాడు.

"అమ్మ పక్కన చోటు కావాలా, వద్దా?"

అతను జవాబు చెప్పకుండా దుకాణానికి వెళ్లిపోయాడు. నేను దాన్ని సరే అన్నట్టుగా తీసుకున్నాను. అలా తీసుకోవడం నాకు కావాల్సి వచ్చింది.

మందిరం ఆఫీసు గదిలో ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ట్యూబులైటు గుయ్యిమంటోంది. బల్లకి అటువైపు గురువుగారు, ఆయనకి ఒక పక్క కళ్లద్దాల షాపాయన, ఇంకో పక్క నాకు చిన్నప్పుడు లెక్కలు చెప్పిన టీచరు. నేను వాళ్ల పక్కనే కూర్చున్నాను, అన్నయ్యకి ఎదురుగా, అతనికి నా చేతులు కనబడేలా. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తడి దువ్వెనతో తల దువ్వుకుని వచ్చాడు.

"దేవుడెవరు నాయనా?" అని గురువుగారు అడిగారు. సైగ చేశాను.

అన్నయ్య భుజం తట్టుకున్నాడు. కరెంటు పోవడం, చీకటి, తడుముకుంటూ వచ్చిన చేయి, అన్నీ నిదానంగా చెప్పాడు.

"పైనుండి మనల్ని చల్లగా చూసే తండ్రి" అన్నాను నేను.

కళ్లద్దాల ఆయన ముఖం విప్పారింది. టీచరు తల ఊపింది. అన్నయ్య ఆ ముఖాలు చూశాడు, తరువాత నన్ను చూశాడు.

"ఏం చెప్పావు?"

"నువ్వు చెప్పిందే."

"అబద్ధం. నేను చెప్పింది వింటే ఎవరూ అంత తొందరగా తల ఊపరు."

అని రెండు చేతులూ బోర్లా బల్ల మీద పెట్టేశాడు. ఇక మాట్లాడనని అర్థం. చిన్నప్పుడు అన్నం దగ్గర అలిగినా ఇంతే.

"ఏమైందమ్మా?" అన్నారు గురువుగారు.

నాకు సిగ్గు వేయాలి. వేయలేదు. "అన్నయ్య అన్నది నేను చెప్పలేదండీ. ఇప్పుడు చెబుతాను" అని, నియమం ప్రకారం మొదలుపెట్టాను. "చిన్నప్పుడు కరెంటు పోతే నాకు భయం. చూపు ఉండేది కాదు, చప్పుడు ఉండేది కాదు..." చీకట్లో ఎప్పుడూ ఏడవని నేను, ఏడ్చానని చెప్పాను. భుజం దగ్గరికి వచ్చేసరికి నా చేయి దానంతటదే లేచి నా భుజాన్ని తట్టింది.

తరువాత టీచరు, "ఆ పుస్తకంలో ఉన్న సైగ ఒక్కటి చేస్తే సరిపోతుంది కదయ్యా" అంది, లెక్క తప్పు చేసిన పిల్లాడికి మళ్లీ అవకాశం ఇస్తున్నట్టు.

"అది నాకు తెలియని ఆయన సైగ" అన్నాడు అన్నయ్య. అన్నాను నేను.

రెండో ప్రశ్న, ఈ నమ్మకం నీకు ఎవరిచ్చారు? సంఘం ఇచ్చిందనాలి. అన్నయ్య కొంచెం నవ్వాడు. "మీరు ఏం చెబుతారో నాకు ఒక్కరోజూ వినబడలేదు. మీరంతా పాడితే బల్ల అదురుతుంది. అది బాగుంటుంది. దాని కోసమే వస్తాను." మూడోది, సంఘం మాట జవదాటకుండా నడుచుకుంటావా? "మంచిది చెబితే చేస్తాను. చెడ్డది చెప్పరనే అనుకుంటున్నాను."

గురువుగారు చేతిలో పెన్నుకి మూత పెట్టేశారు. ఆయన చెడ్డవాడు కాదు. అమ్మ మంచాన పడ్డప్పుడు వానలో నడిచి వచ్చిన మనిషి. "నాకు ఇతని మీద కోపం లేదమ్మా," అన్నారు. "కానీ ఎవరికి వాళ్లు దేవుడికి ఒక సైగ పెట్టుకుంటే రేపు పదిమందీ కలిసి ప్రార్థన చేసేదెలా? ఇతనికి ఒప్పుకుంటే రేపు ఇంకొకరికి ఏమని చెప్పను? ప్రమాణం అయిందని నేను రాయలేను."

ఆ మాటలు ఒక్కటీ వదలకుండా అన్నయ్యకి చెప్పాను. అతను నా చేతులు ఆగిపోయేదాకా చూసి, సరేనన్నట్టు తల ఊపాడు. గొంతు దగ్గర చొక్కా గుండీ ఒకటి విప్పుకున్నాడు.

టీచరు పేర్ల జాబితా తిరగేసి నా వైపు వంగింది. మంచి మాట చెబుతున్నాననే అనుకుంది పాపం. "నీ పేరు ఉందిగా తల్లీ. నువ్వు కూతురివి, సభ్యురాలివి. రూలు ప్రకారం మీ అమ్మ పక్కన ఆ చోటు నీదే. బయటివాళ్లకి పోదులే."

గదిలో అన్న మాట. చెప్పక తప్పదు. వేలు నా గుండె వైపు తిప్పుకుని, ఆ చోటు నాదట అని సైగ చేశాను. నమ్మనిదాన్ని నేను, చోటు నాకు. నమ్మినవాడు ఎదురుగా కూర్చున్నాడు. కోపం రావాల్సిన చోట కోపం లేదు, ఏడుపు రావాల్సిన చోట ఏడుపు లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని అతని జవాబు కోసం చూస్తున్నాను.

అన్నయ్య చాలాసేపు నన్నే చూశాడు. తరువాత మొదలుపెట్టాడు, పెద్దల వైపు తిరిగి, చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా. నేను చెప్పాను.

"మంచిది. ఆ చోటు మా చెల్లికే ఇవ్వండి. కరెంటు పోయినప్పుడల్లా అమ్మ నా దగ్గరికే వచ్చేది. దానికి వినబడుతుంది కదా అని వంటింట్లోంచి కేకేసి ఊరుకునేది. దాని భుజం ఒక్కసారి కూడా తట్టలేదు."

నా గొంతు మామూలుగానే ఉంది. కోర్టులో ఉన్నట్టే ఉంది.

"అమ్మ పోయిన రోజు నుంచీ మా చెల్లి చీకట్లోనే ఉంది. దానికి ఆ సంగతి తెలియదు. పని చేసుకుంటోంది. అన్నం తింటోంది. నన్ను ఎక్కడ పాతిపెట్టినా ఫరవాలేదు, నా భుజం ఎక్కడుందో ఆయనకి తెలుసు. దానికి అలా ఎవరూ లేరు. అమ్మ పక్కన అదే ఉండాలి."

కళ్లద్దాల ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ట్యూబులైటు గుయ్యిమంటూనే ఉంది. ఒక్క ముక్క వదల్లేదు నేను.

అన్నయ్య కుర్చీలోంచి లేచాడు. బల్ల మీదుగా ముందుకి వంగి చేయి చాచాడు. అద్దాలు కోసి కోసి గీతలు పడ్డ చేయి. నా ఎడమ భుజం మీద తట్టాడు. మళ్లీ తట్టాడు. చేయి తీసేసినా ఆ బరువు అక్కడే ఉంది. అంతవరకు నాకు తెలిసింది.

"ఏమంటున్నాడమ్మా?" అని అడిగారు గురువుగారు, పెన్ను మూత మళ్లీ తీస్తూ.

చెప్పడం నా పని. నోరు తెరిచాను, మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాను.

"అది మీకు కాదండీ," అన్నాను. "మా అన్నయ్య నాకు చెప్పాడు."