ముప్పై నాలుగు మజిలీల పుస్తకం

ముప్పై నాలుగు మజిలీలు. ఆరువందల పది కిలోమీటర్లు. ముప్పై ఎనిమిది రోజులు. ఇంత నడిచి వచ్చిన మనిషికి ఎదురుగా కొండబాట చివరి ఆఫీసులో ఒక గాజు కిటికీ, దాని వెనక ఒక గుమస్తా, ఆ గుమస్తా నోట "మీరు కాస్త పక్కకి నిలబడండమ్మా" అనే మాట. టైలరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కదూ మరి!

నిలబడమన్నది ఆమెను. కుర్చీ వేసింది ఆమె వదినకు.

వదిన అంటే అన్నయ్య భార్య, హైస్కూలు హెడ్మిస్ట్రెస్, వచ్చే నెలలో రిటైరవుతోంది. ఈ కొండబాట గురించి పత్రికలో చదివి, రిటైరయ్యేలోగా నడిచి తీరాలని పట్టుబట్టింది ఆమే. అన్నయ్య తన మోకాళ్ళు చూపించి తప్పుకున్నాడు. పిల్లలు నవ్వేసి ఊరుకున్నారు. మిగిలింది టైలరమ్మ. ఏడాదంతా మిషను ముందు వంగి స్కూలు యూనిఫారాలు కుట్టే మనిషి, నడుము నిటారుగా పెట్టి నలభై రోజులు నడవొచ్చనే ఆశతోనే సరే అంది. ఇద్దరికీ ఇంత దూరం నడవడం ఇదే మొదలు.

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. కాగితం కనబడితే అది వదినదే. బ్యాంకు గానీ, ఆస్పత్రి గానీ, ఆఖరికి టైలరమ్మ కుట్టుషాపు లైసెన్సు గానీ, కిటికీ దగ్గర మాట్లాడేది వదిన, వెనక సంచీ పట్టుకుని నిలబడేది టైలరమ్మ. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. బాట మొదట్లో ఉన్న ఆఫీసులో "ముద్రల పుస్తకాలు రెండు ఇమ్మంటారా?" అని అడిగితే, "ఒకే ఇంటివాళ్ళం కదండీ, ఒకటి చాలు" అంది వదిన. ఆ ఒక్క పుస్తకం మీద తన పేరు రాసింది. మనిషికొక పుస్తకం ఉండాలన్న నిబంధన వెనక అట్ట మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఇంటికి ఒక గ్యాస్ కనెక్షన్ ఉన్నట్టే ఇదీ అనుకున్నారు ఇద్దరూ. అందులో కుళ్ళేమీ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ప్రతి మజిలీలోనూ ఒక బస ఉంటుంది. అక్కడి కాపలాదారు పుస్తకంలో ముద్ర వేసి, ఎంతమంది వచ్చారో పక్కన రాస్తాడు. ముద్రలన్నీ ఉంటేనే చివర్లో బాట నడిచినట్టు సర్టిఫికెట్ ఇస్తారు. ఇద్దరు, ఇద్దరు, ఇద్దరు అని ఇరవయ్యొకటో మజిలీ దాకా సాగింది. అక్కడ వదిన చీలమండ బెణికి గుమ్మడికాయలా వాచింది.

"నేను పాల వ్యాన్లో రెండు మజిలీలు ముందుకెళ్ళి పడుకుంటాను. నువ్వు పుస్తకం పట్టుకుని నడిచి రా. ముద్రలు మాత్రం పోకూడదు సుమా!" అంది వదిన.

టైలరమ్మ నడిచింది. రెండు రోజులూ కుండపోత. టెంటు మొత్తం తన వీపు మీదే, వదిన స్టవ్వూ మందుల డబ్బాతో సహా. నడుము లోతు వాగు ఒకటి దాటేటప్పుడు పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి నెత్తిన పెట్టుకుంది. తను కొట్టుకుపోయినా ముద్రలు పోకూడదు కదా. ఆ రెండు పేజీల్లోనూ కాపలాదార్లు "ఒక్కరు" అని రాశారు.

ఇప్పుడు గుమస్తా సరిగ్గా ఆ పేజీల దగ్గరే ఆగాడు.

"ఇరవై రెండు, ఇరవై మూడు... ఒక్కరే వెళ్ళారా! ఆ వానల్లో ఆ వాగు ఒంటరిగా దాటారంటే మాటలు కాదు మేడమ్!" అని లేచి నిలబడ్డాడు. టైలరమ్మ వైపు చూసి, "మీరు బస్సో వ్యానో ఎక్కేశారా? పర్లేదమ్మా, అందరి వల్లా అవుతుందేంటి?" అని ఓదార్చాడు కూడా.

వెనక లైన్లో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. వదిన నోరు తెరిచింది. ఇప్పుడు చెబుతుంది అనుకుంది టైలరమ్మ. వదిన నోరు మూసి, చేతులు జోడించి, అందరికీ నమస్కారం పెట్టింది!

"ఈవిడ ఎవరు మేడమ్?"

"మా ఆడపడుచు. నాకు తోడుగా వచ్చింది."

తోడుగా! స్టవ్వు మోసింది తోడుగానా? రోజూ సాయంత్రం ఆ కాళ్ళకు బామ్ రాసింది తోడుగానా? ఎండ్రకాయలా నడుస్తున్న మనిషిని కొండ మీదికి వెనక నుంచి తోసింది తోడుగానా? టైలరమ్మకు కళ్ళు చెమ్మగిల్లాయి. అవి దుఃఖం కన్నీళ్ళు కావు, ఒళ్ళు మండిన కన్నీళ్ళు.

"వదినా, ఆ వాగు దాటిందెవరో చెప్పు."

"ఇక్కడ రచ్చ ఎందుకే? ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇంట్లో ఎవరికి చెప్పాలి, మా అన్నయ్యకా? సర్టిఫికెట్ ఇచ్చేది ఈయన. ఇక్కడే చెప్పు. ఇందాక చప్పట్లు కొట్టినవాళ్ళకి కూడా వినబడేట్టు చెప్పు."

వదిన మొహం తెల్లబోయింది. వేలమంది పిల్లల చేత నిజం ఒప్పించిన హెడ్మిస్ట్రెస్, నేల చూపులు చూస్తూ, "వ్యాన్ ఎక్కింది నేనండీ" అంది. గొణిగింది. ఆమె స్కూల్లో పిల్లలెవరైనా అలా గొణిగితే గట్టిగా చెప్పమని మళ్ళీ చెప్పించేది.

గుమస్తా వదిన చేతికి ఇవ్వబోతున్న సర్టిఫికెట్ వెనక్కి లాక్కున్నాడు. నిబంధనల కాగితం తీసి, వేలు పెట్టి చదివి, మొహం వికసించగా తలెత్తాడు.

"ఏం పర్లేదు మేడమ్! పుస్తకం మీ పేరు మీదే ఉందిగా. ఆ రెండు మజిలీలూ వెళ్ళి నడిచి రండి, ఇచ్చేస్తాం."

"మరి నాకో?" అంది టైలరమ్మ.

"మీ పేరు మీద పుస్తకం లేదు కదమ్మా. మీరు నడిచినట్టు మా దగ్గరేం లేదు. కావాలంటే కొత్త పుస్తకం ఇస్తాను, ఒకటో మజిలీ నుంచి మొదలుపెట్టండి."

"రెండు కాళ్ళూ నీ ఎదురుగా పెట్టుకుని నడవలేదంటావేమయ్యా! ఇరవై నాలుగు గంటలూ ఈ కుర్చీలో కూర్చునే నీకు, నడిచిందెవరో ఆ పుస్తకం చెప్పాలా?" అని కడిగిపారేసింది టైలరమ్మ. గుమస్తా నిబంధనల కాగితాన్ని మడతల వెంబడి జాగ్రత్తగా మడిచాడు.

అప్పుడు వదిన ఆమె మోచెయ్యి పట్టుకుంది. క్షమించమంటుందనుకుంది టైలరమ్మ. అంటే కరిగిపోయేదే, పిచ్చి మొహం.

"రెండు మజిలీలే కదా. రేపు బస్సుకి వెళ్దాం, నాతో రా. నా రిటైర్‌మెంట్ రోజుకి సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఆ వాగు ఒక్కదాన్నే నేనెలా దాటుతాను చెప్పు?"

టైలరమ్మ వదిన మొహంలోకి చూసింది. తను ఏం అడిగిందో వదినకు తెలియనే తెలియదు. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ తెలియలేదు.

టైలరమ్మ వీపు సంచీ దించింది. అందులోంచి స్టవ్వు తీసి కిటికీ ముందున్న బల్ల మీద పెట్టింది. మందుల డబ్బా పెట్టింది. టెంటు పెట్టింది.

"నడుము లోతు ఉంటుంది వదినా. కుడి పక్క బండరాళ్ళు పట్టుకుని దాటు. పుస్తకం నెత్తిన పెట్టుకో," అంది.

తర్వాత గుమస్తా వైపు తిరిగి కొత్త పుస్తకం అడిగి తీసుకుంది. పేరు రాయడానికి వదిన అలవాటుగా పెన్ను అందుకోబోయింది. టైలరమ్మ ఆ చేతిని పక్కకు తోసి, మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో తన పేరు తనే రాసుకుంది.