గడ్డం కింద కట్టు

నోరు తెరుచుకుని తిరిగే పిల్లను చూస్తే మనకు ముందు నవ్వొస్తుంది. సెలూన్ నడిపే అతని కూతురికి బళ్ళో 'చేప' అని పేరు పడింది. "నోరు ముయ్యవే, ఈగలు దూరతాయి" అని ఇంట్లో మేనత్త రోజూ అనేది. తల్లి పోయాక పిల్లను కడుపులో పెట్టుకుని చూస్తున్నది ఆవిడే. తండ్రి మాత్రం ఏమీ అనేవాడు కాదు. భార్య పోయిన దగ్గర్నుంచి అతనికి ఏ మాటా చెవి దాటి లోపలికి వెళ్ళడం లేదు.

ఒక మధ్యాహ్నం అతను భోజనానికి వచ్చేసరికి పిల్ల మంచం మీద నిద్రపోతోంది. గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి తెల్లటి గుడ్డ బిగించి కట్టి ఉంది.

నిరుడు పాడె ఎక్కించే ముందు భార్యకు అలాంటి కట్టు అతనే కట్టాడు.

అతని వేళ్ళు వాటంతటవే ముడి విప్పాయి. పిల్ల నోరారా గాలి పీల్చి మళ్ళీ మత్తులోకి జారింది. ఆ పెదవుల రంగు అతనికి నచ్చలేదు.

వంటింట్లోంచి అతని అక్క వచ్చి చెప్పింది. జలుబుకని మందుల షాపులో మాత్ర అడిగి తెచ్చి వేసిందట. ఎలాగూ నిద్రపోతోంది కదా, నోరు మూసే అలవాటు చేద్దామనుకుందట.

"దాని మంచికేరా. మొద్దు అని అందరూ అంటే పడేది అదేగా."

"పదక్కా, డాక్టరమ్మకి చూపిద్దాం" అని పిల్లను భుజాన వేసుకున్నాడు.

డాక్టరమ్మ పిల్ల ముక్కు కింద చల్లటి స్టీలు చెంచా పట్టింది. దాని మీద ఆవిరి జాడే లేదు. దుమ్ము పడక ముక్కు లోపలి పొర వాచి, గాలి దారి మూసుకుపోయిందని చెప్పింది. అలర్జీ మాత్ర మంచిదే కానీ షాపువాడిచ్చింది మత్తెక్కించే రకమట, పిల్లలకు అడక్కుండా వేయకూడదట. అంత మత్తివ్వని మాత్ర, ముక్కులో కొట్టే మందు రాసిచ్చి, తగ్గకపోతే ముక్కు వెనక కండ పెరిగిందేమో చూద్దామంది. పిల్ల పూర్తిగా తేరుకునేదాకా పంపలేదు.

అక్క తల ఎత్తలేదు. డాక్టరమ్మ కసరలేదు, కుర్చీ ఆవిడ దగ్గరికి జరిపింది.

"ముక్కు పనిచేయనప్పుడు దానికి నోరే దిక్కమ్మా. అది కూడా కట్టేస్తే ఎలా?"

కొన్నాళ్ళకు సెలూన్‌లో ఒక పెద్దాయన, ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉండే మనవడి గురించి వాపోయాడు. నోరు ముయ్యరా అని చెప్పి చెప్పి తన నోరే నొప్పి పుడుతోందట. కత్తెర ఆగింది. ఎవరూ అడక్కుండా అతను సెలూన్‌లో మాట్లాడడం ఆ ఏడాదిలో అదే మొదలు.

"ఇక చెప్పకండి బాబాయ్, డాక్టరుకి చూపించండి. నోటితో ఊపిరి పీల్చే పిల్లలు మాట విననివాళ్ళు కాదు, ముక్కులో గాలి ఆడనివాళ్ళు."